అక్క తోట శుభ్రం చేసిన మర్నాడు

మా హాల్వర్ మిల్స్ ఊళ్ళో "బాగాలేదు" అనే మాట ఎవరి నోటా రాదు. బాగాలేకపోతే "వేరేగా ఉందే" అంటారు. అంతే. ఆ మాట పడ్డ వంటకం మళ్ళీ చర్చి భోజనాల బల్ల ఎక్కదు. ఆ మాట పడ్డ పాస్టరు ఎక్కువ కాలం ఆగకుండా ఇంకో ఊరు వెతుక్కుంటాడు. బయటినుంచి వచ్చినవాళ్ళకు అది మెచ్చుకోలులా వినిపిస్తుంది కాబోలు, పాపం థాంక్స్ కూడా చెబుతారు. మాకు మాత్రం నలుగురిలో చెంప పగలగొట్టినంత పని.

లవాన్ ఆ మాటను తన అక్క ఆర్డిస్ గురించి జీవితమంతా వింటూనే ఉంది. కిరాణా కొట్లో గుడ్లు తీసుకుంటుంటే పక్కనుంచి ఒకావిడ, "మీ అక్క ముందు వాకిలి చూశాను లవాన్, వేరేగా ఉందే" అనేది. చర్చి మెట్ల మీద ఇంకొకరు అదే మాట. లవాన్ నవ్వేది. ఇంటికొచ్చి గిన్నెలు దబదబా తోమేది.

ఆర్డిస్ బొమ్మలు వేసేది. మా హైస్కూల్లో పిల్లలకు డ్రాయింగు చెప్పి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోలేదని బాధపడనూ లేదు. ఇంటి ముందు, వెనక ఉన్న పచ్చిక అంతా పెకలించి పారేసి, మా ముత్తాతలు ఒళ్ళు హూనం చేసుకుని దున్ని వదిలించుకున్న ఈ నేల అడవి మొక్కలనే వెతికి తెచ్చి మళ్ళీ నాటింది. వేసవిలో సరే, పూసేవి, చూడముచ్చటగానే ఉండేవి. చిక్కంతా ఆ తర్వాతే. అక్టోబరు రాగానే ఊళ్ళో అందరూ ఎండినవన్నీ కోసి, ఆకులు ఊడ్చి, సంచుల్లో కట్టి వీధి చివర పెడతారు. ఆర్డిస్ మాత్రం ఒక్క పుల్లను కదలనిచ్చేది కాదు. మంచు పడినా, గాలికి సగం వాలిపోయినా, వసంతం దాకా అవి అలా నిలబడాల్సిందే.

ఆమె బొమ్మల్లో ఉండేవీ అవే. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని చలికాలమంతా ఎండిన కాడలు, పగిలిన కాయలు, వాటి మీద వాలిన పిట్టలు వేసేది. పువ్వు వెయ్యమంటే వేసేది కాదు. ఒకసారి ఊళ్ళో బ్యాంకువాళ్ళు ముచ్చటపడి క్యాలెండరుకు బొమ్మలిమ్మని అడిగారు. ఇచ్చింది. జనవరి నుంచి డిసెంబరు దాకా ఎండుపుల్లలే. ఆ ఏడాదంతా లవాన్ బ్యాంకుకు వెళ్ళాల్సిన పనులన్నీ భర్త డ్వేన్ చేత చేయించింది.

"పూలున్నప్పుడు ఎవరైనా చూస్తారే," అనేది ఆర్డిస్. "వీటిని చూసేవాళ్ళు ఎవరో ఒకరుండొద్దూ?"

"నువ్వు చూసుకో తల్లీ. మా ఇంటి కిటికీకి ఎదురుగా ఎందుకు?" అనేది లవాన్.

ఎదురిల్లే మరి. వీధికి అటు పక్క డ్వేన్ దువ్వెనతో దువ్వినట్టు కోసిన పచ్చిక, ఇటు పక్క ఆర్డిస్ అడవి. అక్కంటే లవాన్‌కు ప్రేమ లేదని మాత్రం అనుకోకండి. పోయిన వేసవిలో ఆర్డిస్‌కు జబ్బు ముదిరి నర్సింగ్ హోముకు మారాక, రోజూ సూపు కాచి పట్టుకెళ్ళి దగ్గర కూర్చుని తాగించింది లవానే. ప్రేమకు లోటు లేదు. సిగ్గుకూ లోటు లేదు. రెండూ ఒకే గుండెలో ఉంటే మనిషి ఎలా నలిగిపోతుందో చూడాలంటే లవాన్‌ను చూడాలి.

ఆ వేసవిలోనే ఆర్డిస్ తన ఇంటిని పక్కనున్న క్లినిక్‌వాళ్ళకు అమ్మేసింది. నవంబరులో ఇల్లు కూలగొట్టి, తోట మీద తారు పోసి, కార్లు నిలుపుకునే జాగా చేస్తారట. ఆర్డిస్ గొడవేమీ పెట్టలేదు. సంతకం చేసి, సూపు తాగి, నిద్రపోయింది. అక్టోబరు మొదట్లో ప్రాణం పోయింది.

ఆ శనివారం చర్చిలో వీడ్కోలు సర్వీసు. దానికి ముందు గురువారం పాస్టర్ బ్రిటా లవాన్ ఇంటికొచ్చింది. వయసులో చిన్నావిడ, ఊరికి కొత్త.

"లవాన్ గారూ, సర్వీసయ్యాక కాఫీ, భోజనాలు చర్చి కింద హాల్లో వద్దండీ. ఆర్డిస్ గారి తోటలోనే పెట్టుకుందాం. ఆవిడ నాతో చెప్పారు, అలాగే కావాలని."

లవాన్‌కు అంతా కళ్ళముందే కనపడింది. ఊరంతా వస్తుంది. చేతిలో కాఫీ కప్పులతో ఆ ఎండుగడ్డి మధ్య నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, అక్క గురించి ఆఖరిసారిగా ఆ మాటే అంటారు. ఆ మాటతోనే అక్కను మట్టిలో పెడతారు. పాస్టరు వెళ్ళాక డ్వేన్ దగ్గరకు వెళ్ళి నిలబడింది.

"అక్క తోట కోసెయ్యాలి."

"ఎంత మేర?"

"మొత్తం."

డ్వేన్ పేపరు మడిచాడు. "ఎవర్నైనా అడిగావా?"

"ఎవర్నడగను? పోయినావిడనా? వచ్చే నెల ఎలాగూ తారు పోసేస్తారు. ఒక్కరోజు డ్వేన్. ఒక్కటంటే ఒక్కరోజు మా అక్కను ఎవరూ వేరుగా చూడకూడదు. అందరిలాంటి మనిషిలా సాగనంపాలి. ఇంకేమీ అడగను నిన్ను."

డ్వేన్‌కు చెప్పాల్సింది ఏదో ఉన్నట్టే ఉంది. కానీ పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎక్కడ ఆగాలో ఆయనకు బాగా తెలిసొచ్చింది. లేచి షెడ్డులోకి వెళ్ళాడు.

శుక్రవారం పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి కానిచ్చారు. ఆయన కోస్తుంటే ఆవిడ దంతెతో పోగుచేసింది. గింజలు జుట్టులోకి ఎగిరిపడ్డాయి. పగిలిన కాయల్లోంచి దూది లేచి వీధంతా తేలింది. కరెంటు తీగ మీద పిట్టలు వరసగా కూర్చుని చూస్తూ ఉండిపోయాయి. కోసిందంతా తమ పెరట్లోకి మోసుకెళ్ళి, చెత్త తగలేసే డ్రమ్ములో వేసి కాల్చేశారు. తర్వాత లవాన్ కొట్టుకు వెళ్ళి చామంతి కుండీలు కొనుక్కొచ్చి ఆర్డిస్ ఇంటి మెట్లకు అటూ ఇటూ పెట్టింది. వీధిలో నిలబడి చూసుకుంది. చదునుగా, శుభ్రంగా, అన్ని ఇళ్ళలాగే ఉంది. ఆ రాత్రి ఆమెకు హాయిగా నిద్రపట్టింది.

సర్వీసులో మాట్లాడతామన్నవాళ్ళు మాట్లాడారు. ధాన్యం గోదాములో పనిచేసే ఓర్విల్, ఆర్డిస్ దగ్గర చదువుకున్నవాడు, టై సర్దుకుంటూ లేచాడు.

"ఎనిమిదో తరగతిలో ఆర్డిస్ టీచర్ నా చేతిలో ఒక ఎండుపుల్ల పెట్టి గీయమంది. గీశాను. 'నువ్వు పుల్లను చూళ్ళేదు ఓర్విల్, పుల్లంటే ఎలా ఉంటుందనుకున్నావో అది గీశావు. మళ్ళీ గియ్యి' అంది. మళ్ళీ గీశాను. మళ్ళీ అదే మాట. ఆ పుల్లను చూసీ చూసీ నాకు ఎంత ఒళ్ళు మండిందంటే, ఇప్పటికీ పొలం గట్టున ఎక్కడ కనపడినా పేరు పెట్టి పిలుస్తాను." ఆగాడు. "అప్పట్నుంచీ నాకు పొలం గట్లు ఖాళీగా కనపడలేదు. అంతే. కూర్చుంటాను."

జనం నవ్వారు. ముందు వరసలో లవాన్ తలొంచుకుంది. ఇక్కడ కూడా ఎండుపుల్లలేనా అనుకుంది. ఆ నవ్వు ఎవరి మీదో, ఎలాంటిదో ఆవిడ చెవులకు తెలియలేదు. నవ్వితే చాలు, అక్కను చూసి నవ్వుతున్నారనుకోవడమే అలవాటయిపోయింది ఆవిడకు.

ఆఖరి పాట అయిందో లేదో లవాన్ పరుగున ముందుకెళ్ళింది. బల్లల మీద తెల్లగుడ్డలు సరిచేసి, హామ్ పెట్టిన బన్నుల మీదా, తను చేసిన తీపి నిమ్మకాయ బార్ల మీదా మూతలు తీసి, మెట్ల దగ్గర నిలబడింది. మనసులో ఒక రకమైన గర్వం. వీధి మలుపులో జనం కనిపించారు. నల్లకోట్లు వేసుకుని మెల్లగా వస్తున్నారు. తోట కనపడే చోటికి వచ్చి ముందువాళ్ళు ఆగారు. వెనకవాళ్ళు వాళ్ళను ఒరుసుకుని ఆగారు.  

అందరికంటే ముందు గేటు తీసుకుని మార్లిస్ వచ్చింది. ఆర్డిస్‌తో పాటు బళ్ళో లైబ్రరీ చూసుకున్న మనిషి, అక్కకు ప్రాణ స్నేహితురాలు. కోసేసిన నేలను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. చామంతుల్ని చూసింది. లవాన్‌ను చూసింది.

"లవాన్," అంది. గొంతు సరిచేసుకుంది. "వేరేగా ఉందే."

లవాన్ చెవులు గింగురుమన్నాయి. ఆ మాట తననే, తను చేసిన పనినే అన్నారని తెలియడానికి కాసేపు పట్టింది. ఏం చేశానని? శుభ్రం చెయ్యడమే కదా చేశాను?

అప్పుడు గమనించింది. వచ్చిన ప్రతివాళ్ళ చంకలోనూ మడిచిన కాగితపు సంచీ ఒకటుంది. కిరాణా కొట్లో ఇచ్చే గోధుమరంగు సంచీలు. ఒక్కొక్కరూ ఆమె చూడకుండా వాటిని కోటు జేబుల్లోకి కుక్కుతున్నారు. ఆడవాళ్ళు హ్యాండ్‌బ్యాగుల్లో దోపుతున్నారు. ఓర్విల్ కోటు జేబు చిన్నది. సంచీ సగం బయటే ఉండిపోయింది.

"ఎందుకది ఓర్విల్?"

"ఏదీ? ఇదా?" ఓర్విల్ సంచీ వైపు తనకే కొత్తగా కనపడినట్టు చూశాడు. "బార్లు మిగిలితే ఇంటికి పట్టుకెళ్దామని. నీ నిమ్మకాయ బార్లంటే మా ఇంట్లో పడి చస్తారు కదా."

చావు భోజనానికి సంచీ తెచ్చుకున్నవాడు మా ఊళ్ళో ఇంతవరకు పుట్టలేదు. పళ్ళెంలో ఆఖరి బారు మిగిలితే దాన్ని సగం కోసి, ఆ సగాన్ని మళ్ళీ సగం కోసి, చివరికి గోరంత ముక్కను బల్ల మీద వదిలేసి వెళ్ళే జనం మేము. లవాన్‌కు అది తెలుసు. అయినా నమ్మాలనుకుంది. సంచీ అందుకుని, మడత విప్పి, బార్లు వెయ్యబోయింది. అడుగున మొక్కలు కత్తిరించే కత్తెర ఉంది.

పక్కనే ఇంకొకాయన, "అవునవును, మేమూ అందుకే తెచ్చాం" అంటూ తన సంచీ చాపాడు. అందులోనూ కత్తెరే. ఆయనకు ఆ సంగతి ఆలస్యంగా గుర్తొచ్చి ముఖం ఎర్రబడింది.

"అందరూ తెచ్చారా?" అంది లవాన్.

ఓర్విల్ బూట్ల వైపు చూశాడు. "ఆర్డిస్ టీచర్ అందిలే. నేను పోయాక ఈ తోట ఉండదు, వచ్చి గింజలు కోసుకుని మీ పెరళ్ళలో చల్లుకోండి అని. కలవడానికి వెళ్ళిన అందరితోనూ అన్నట్టుంది. ఏముందిలే లవాన్. చామంతులు బాగున్నాయి."

"కాల్చేశాను," అంది లవాన్. "నిన్న. అన్నీ పోగేసి కాల్చేశాను."

అన్నాక ఎవరైనా తిడతారని ఎదురుచూసింది. తిడితే బాగుండుననే అనుకుంది. కానీ మా వాళ్ళ సంగతి తెలుసు కదా. "కాఫీ భలే కుదిరింది లవాన్," అన్నారొకరు. "డ్వేన్ ఎంత సమంగా కోశాడో చూడు," అన్నారింకొకరు. "చలి ముదరకముందే చేశారు, మంచిదే." ఒకరి తర్వాత ఒకరు వచ్చి సంచీలు చాపారు. గింజల కోసం తెచ్చిన సంచీల్లో ఆమె చేతులతోనే బార్లు వేయించుకున్నారు, ఆమె మనసు నొచ్చుకోకూడదని. ఒక్కో సంచీ అడుగున ఒక్కో కత్తెర. విరిగి పడ్డ బార్లను లవాన్ వంగి ఏరుతోంది. నేల చీలి తనను లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది. అది కూడా తను కోయించిన నేలే.

"వేళ్ళున్నాయి కదా," అన్నాడు డ్వేన్. పొద్దుటి నుంచీ ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"ఉంటాయి," అన్నాడు ఓర్విల్. "తవ్వితే ముక్కయినా వస్తుంది. కానీ ఏది ఎక్కడుందో ఎవరికి తెలుసు? పైన ఒక్క గుర్తూ లేదు. తెలిసిన మనిషేమో పోయింది."

లవాన్ చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టింది. "నాకు తెలుసు," అంది.

అందరూ తిరిగి చూశారు.

తెలియకేం. ఇన్నేళ్ళు ఆ కిటికీలోంచి చూసి ఏడ్చింది ఎవరు? ఒక్కో మొక్కా ఎక్కడ మొలిచిందో, ఏ ఏడు ఎంత పాకిందో, ఏది ముందు వాలిందో, ఆర్డిస్ తర్వాత తెలిసింది ఈ లోకంలో లవాన్‌కే. చూసి మురిసినావిడ ఒకరు, చూసి కుమిలినావిడ ఒకరు. లవాన్ మెట్ల పక్కకు నడిచి మడమతో నేలను తట్టింది.

"ఇక్కడ చీపురుకట్ట."

"ఏంటీ?" అన్నాడు ఓర్విల్.

"మనిషెత్తు గడ్డి. దాన్ని చీపురుకట్ట అనేదాన్ని. దాని అసలు పేరు నాకు తెలీదు." మళ్ళీ మడమతో తట్టింది. "పోస్టుమాన్ ముందే అన్నాను ఒకసారి. అక్కా, చీపురెక్కి తిరిగే మంత్రగత్తె ఇంటిముందు కూడా ఒక్క చీపురే ఉంటుంది, నీకు ఇరవై ఉన్నాయే అని."

డ్వేన్ ఇంటికి వెళ్ళి ఉన్న పారలన్నీ తెచ్చాడు. ఓర్విల్ కోటు విప్పి మెట్ల మీద వేసి తవ్వడం మొదలుపెట్టాడు. లవాన్ ముందు నడుస్తుంటే జనం వెనక నడిచారు. ఆమెకు మొక్కల పేర్లు రావు. వచ్చినవి తను పెట్టిన పేర్లే, అవే చెప్పాల్సి వచ్చింది. కిటికీ కింద నల్లబొత్తాలు. కంచె వారన ముళ్ళ ఉండలు. నీళ్ళ కుళాయి దగ్గర మందుల కంపు. గేటు పక్కన దూదిచెత్త, ఎగిరొచ్చి ఆరేసిన దుప్పట్లకు అంటుకునేది, దాని కోసం అక్కతో నెల్లాళ్ళు మాట్లాడలేదు. ఒక్కోటీ చెబుతుంటే చెవులు కాలిపోయాయి. ఇవన్నీ అక్కకు వినపడేలా అన్నవే, వీధికి ఇటు నుంచి అటు అరిచి అన్నవే. మొదట్లో జనం ఇబ్బందిగా నేల చూపులు చూశారు. మందుల కంపు దగ్గర ఎవరో ఆపుకోలేక నవ్వారు. లవాన్ మాత్రం నవ్వలేదు.

మట్టి అంటిన వేళ్ళ ముద్దలు సంచుల్లోకి వెళ్ళాయి. అంతకుముందు అందులో పడ్డ బార్లను పిల్లలూ పెద్దలూ నిలబడే తినేశారు. క్లినిక్‌కు వచ్చినవాళ్ళు కార్లు ఆపుకుని, చావుకు వేసుకొచ్చిన నల్లబట్టల్లో మోకాళ్ళ మీద కూర్చుని తవ్వుతున్న ఊరిని వింతగా చూసి వెళ్ళారు. సాయంత్రమయ్యేసరికి నేలంతా గుంతలు.

మార్లిస్ తన సంచీ మూతి మడుస్తూ, "నీ సంచీ ఏది లవాన్?" అంది.

"నాకు సంచీ లేదు. నాతో ఎవరూ అనలేదుగా." లవాన్ అక్కడే మట్టిలో కూర్చుంది. నోట్లో మధ్యాహ్నం నుంచి నానుతున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "ఊరందరికీ చెప్పింది. నిన్న మొన్న వచ్చిన పాస్టరుకు చెప్పింది. రోజూ సూపు పట్టుకెళ్ళి నోట్లో పోసినదాన్ని, నాకెందుకు చెప్పలేదు మార్లిస్?"

"వదిలెయ్ ఇప్పుడు."

"చెప్పు."

మార్లిస్ చేతికంటిన మట్టిని గోటితో గీకింది. "నీ చెవిన పడనివ్వద్దని అందరి దగ్గరా మాట తీసుకుంది. 'నేను బతికున్నన్నాళ్ళూ అది నా వల్ల ఊళ్ళో తలెత్తుకోలేకపోయింది. పోయాక కూడా దాని చేత నా కలుపుమొక్కలు పంచిపెట్టిస్తే సిగ్గుతో చచ్చిపోతుంది పాపం. సర్వీసు అయిన రోజు నల్లబట్టల్లో నలుగురూ కలిసి వస్తే కాఫీకి వచ్చారనుకుంటుంది. దానికి తెలియకుండా తలో గుప్పెడూ కోసుకుని వెళ్ళిపోండి' అంది."

తను తిట్టింది మొక్కల్నేనని ఇన్నాళ్ళూ అనుకుంది. తన నవ్వు వెనక దాచుకున్నదంతా అక్కకు ఎన్నడూ తెలియదనుకుంది. అక్కకు అంతా తెలుసు. తెలిసి, రోజూ తన చేతి సూపు తాగి, బాగుంది అని చెప్పింది.

మార్లిస్ పక్కన కూర్చుని సంచీ ఆమె ఒళ్ళో పెట్టింది. "ఇందులోంచి ఏదైనా తీసుకో. ఏది కావాలి నీకు?"

లవాన్ సంచీలోకి చూసింది. వేళ్ళన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏది ఏదో ఈసారి ఆమెకూ తెలియలేదు. ఒక్కోటీ బయటికి తీసి, మట్టి దులిపి, వెలుతురు ఉన్నంతసేపూ చూస్తూ కూర్చుంది.